రో ఒఫియూకై రంగులు: సిటీ డాబా మీద నుంచి డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో వస్తాయా?

#1 · బేగంపేట_డాబా · మార్చి 1, రాత్రి 10:20

అందరికీ నమస్తే. చలికాలమంతా ఓరియన్ నెబ్యులాతోనే గడిచింది. ఇప్పుడది పొద్దుగూకేసరికే పడమటికి వాలుతోంది, కొత్త టార్గెట్ వెతుక్కోవాలి. జ్యేష్ఠ నక్షత్రం పక్కన పసుపు, నీలం, ఎరుపు పొగలు కలగలిసి మధ్యలో నల్లటి పాయలు పారుతుంటాయే, రో ఒఫియూకై, దాని మీద ఎప్పటినుంచో కన్నుంది.

నా సామాను: కెనాన్ 200డీ మార్క్ 2 (హైడ్రోజన్ ఎరుపు బాగా పట్టేలా మోడిఫై చేయించలేదు), శామ్యాంగ్ 135 ఎంఎం ఎఫ్/2 లెన్సు, స్టార్ అడ్వెంచరర్ 2ఐ ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాను తిప్పేది), క్లిప్-ఇన్ డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్. ఓరియన్‌కి ఈ ఫిల్టర్ బాగా పనిచేసింది.

మా డాబా మీద నుంచే ఆ ఫిల్టర్ పెట్టి, రాత్రికి రెండేసి గంటల చొప్పున కూడబెడితే ఆ రంగులన్నీ వస్తాయా? బేగంపేట ఆకాశం సంగతి చెప్పక్కర్లేదు, అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద తేడా ఉండదు.

#2 · కొండి_చుక్క · మార్చి 1, రాత్రి 11:05

రావు తమ్ముడూ. ఎరుపు కాస్త వస్తుంది. నీలం, పసుపు రెండూ పోతాయి.

ఆ ఫిల్టర్ లోపలికి వదిలేది రెండు సన్నని పట్టీలే: హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్లు, ఆక్సిజన్ 500.7 నానోమీటర్లు. ఓరియన్‌లో వాయువే వెలుగుతుంది, ఆ వెలుగు చాలావరకు ఈ గీతల మీదే ఉంటుంది. అందుకే అక్కడ ఫిల్టర్ బంగారం. రో ఒఫియూకై కథ వేరు. రో నక్షత్రం చుట్టూ ఉన్న నీలం (ఐసీ 4604) సొంత వెలుగు కాదు. వేడి బి తరగతి నక్షత్రాల కాంతి ధూళి మీద పడి చెదురుతోంది, చెదిరేటప్పుడు నీలం ఎక్కువ చెదురుతుంది. జ్యేష్ఠ చుట్టూ ఉన్న పసుపు (ఐసీ 4606) కూడా అంతే, అది ఎర్ర మహాతార, దాని కాంతి రంగే ధూళికి అంటుకుంది. పసుపు రంగు ప్రతిబింబ నీహారికలు ఆకాశంలో అరుదు. నక్షత్రకాంతి స్పెక్ట్రమ్ అంతటా పరుచుకుని ఉంటుంది. నీ ఫిల్టర్ దాన్నీ, వీధి లైట్లనూ ఒకే చేత్తో ఆపేస్తుంది.

సిగ్మా స్కార్పియై నక్షత్రం చుట్టూ ఉన్న ఎరుపు (షార్ప్‌లెస్ 9) మాత్రం హైడ్రోజన్. దానికి నీ ఫిల్టర్ పనికొస్తుంది.

#3 · ఫోటాన్_వేట · మార్చి 1, రాత్రి 11:31

అన్నా, ప్రతి థ్రెడ్‌లో "సిటీ వదిలి వెళ్ళు" అనుడేనా? నేను కూకట్‌పల్లిల ఉంటా. ఫిల్టర్ తీసేసి కూడా డాబా మీద నుంచి గెలాక్సీలు తీసిన. ఎక్కువ గంటలు పోగేసి స్టాక్ చేస్తే (ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి కలిపితే) నాయిస్ దిగుతది, గ్రేడియెంట్ (ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడే ఆకాశపు వెలుగు) సాఫ్ట్‌వేర్‌ల తీసేస్తం. అందరికీ కార్లుండవు, వీకెండ్లుండవు.

బ్రో, ఫిల్టర్ తీసి ఓ 15, 20 గంటలు కొట్టు. ఏదో ఒకటి పడుతది.

#4 · లెక్కల_మాస్టారు · మార్చి 2, ఉదయం 6:40

"ఏదో ఒకటి" ఎంతో లెక్క చూద్దాం.

నగరం నడిబొడ్డున ఆకాశపు వెలుగు చదరపు ఆర్క్ సెకనుకు 18 మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది (అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ). మంచి పల్లెటూరి చీకట్లో 21.5. తేడా 3.5. ఒక్కో మాగ్నిట్యూడ్‌కు 2.512 రెట్లు కాబట్టి బేగంపేట ఆకాశం సుమారు 25 రెట్లు ఎక్కువ వెలుగుతోంది. మసక ధూళిని తీసేటప్పుడు మన శత్రువు ఆకాశపు వెలుగు తెచ్చే నాయిసే. అదే నాణ్యత కావాలంటే సమయమూ 25 రెట్లు పెట్టాలి. పల్లెలో 3 గంటల పని డాబా మీద 75 గంటలు.

గెలాక్సీలు చిన్నవి, వాటి చుట్టూ ఖాళీ ఆకాశం ఉంటుంది, గ్రేడియెంట్ తీసెయ్యడం తేలిక. ఇక్కడ 135 ఎంఎం ఫ్రేము అంతా ధూళే. ఏది గ్రేడియెంటో, ఏది ధూళో సాఫ్ట్‌వేర్‌కు ఎవరు చెబుతారు?

#5 · ఫోటాన్_వేట · మార్చి 2, ఉదయం 9:12

75 గంటలంటే సీజన్ ఐపోతది మాస్టారూ 😄 సరే, లెక్క కరెక్టే. కానీ డాబా మీద ఏం రాదనుడు మాత్రం ఒప్పుకోను.

#6 · డల్లాస్_నుంచి · మార్చి 2, మధ్యాహ్నం 12:50

మీ గొడవ చదువుతుంటే కడుపు మండుతోందండీ. మీకు దొరికిన ఎత్తు మాకు లేదు. హైదరాబాద్‌లో రో ఒఫియూకై 49 డిగ్రీల దాకా లేస్తుంది, ఇక్కడ 34 దాటదు. లండన్‌లో ఉన్న మా తమ్ముడికైతే 15 డిగ్రీలు, ఎదురింటి పొగగొట్టం మీద నుంచి తొంగి చూసినట్టు ఉంటుంది. అంత కింద గాలి పొర దాదాపు నాలుగు రెట్లు మందం. నీలం కాంతి గాలిలోనే ఎక్కువ పోతుంది, మిగిలేది మట్టి రంగు.

మన వాళ్ళు చాలామంది లడఖ్‌లో హాన్లే వెళ్ళి తీద్దామంటారు. హాన్లే చీకటికి సాటి లేదు, కాదనను. కానీ అక్షాంశం 33 దగ్గర కాబట్టి ఈ టార్గెట్ అక్కడా నాకున్నంత ఎత్తులోనే. రాయలసీమలో మంచి చీకటి దొరికితే అది 52 డిగ్రీల మీద ఉంటుంది. ఇలాంటి దక్షిణపు వస్తువులకు మీ ఊళ్ళే మేలు.

#7 · పాత_వేధశాల · మార్చి 2, సాయంత్రం 5:30

ప్రశ్న అడిగినాయన బేగంపేట అనేసరికి నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. చర్చకు అడ్డం వస్తే మన్నించండి.

నిజామియా వేధశాల ఉన్నది ఆ బేగంపేటలోనే. ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీద నమోదు చేసే అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కాటలాగ్ పనిలో ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ పంచారు. హైదరాబాద్ వాటాకు దక్షిణ క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటిది) 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. రో ఒఫియూకై ఉన్నది మైనస్ 23 దాటి అర డిగ్రీలోపే, అంటే ఆ పట్టీ అంచున. మీ డాబా చుట్టుపక్కల నుంచే గాజు పలకల మీద 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఫొటోలు తీసే టెలిస్కోపు) ఆ ప్రాంతం ఫొటోలు తీశారన్నమాట. తరవాత నగరం వెలుగు పెరిగి, 48 అంగుళాల పెద్ద టెలిస్కోపును 1968లో జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. ఖగోళ శాస్త్రవేత్త వైణు బాపు చిన్నతనం గడిచిందీ ఈ నిజామియా నీడనే, వాళ్ళ నాన్నగారు అక్కడే పనిచేసేవారు.

ఇక మీ టార్గెట్. అక్కడి నల్లటి పాయలు నక్షత్రాలు లేని ఖాళీలా, లేక వెనక వెలుగును కప్పే మేఘాలా అని ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నవాడు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్. ఆయనను మేఘాల వైపు మళ్ళించిన చోట్లలో ఇదొకటి. రంగుల్లో జనానికి చూపించింది మాత్రం ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్.

#8 · చిన్న_టెలిస్కోపు · మార్చి 3, రాత్రి 8:15

నాకు ఈమధ్యే సీస్టార్ ఎస్50 (యాప్‌తో నడిచే చిన్న టెలిస్కోపు) వచ్చింది, ఉండేది విజయవాడ. దీంతో ఇది తీయొచ్చా అండీ? అదీ గాక, నాసా వాళ్ళ వెబ్ టెలిస్కోపు ఫొటో కూడా రో ఒఫియూకై అంటున్నారు, కానీ అందులో ఈ పసుపు, నీలం ఏవీ లేవు. ఎర్రటి చిమ్మెనగొట్టాల్లాంటివి ఉన్నాయి. రెండూ ఒకటేనా?

#9 · కొండి_చుక్క · మార్చి 3, రాత్రి 9:02

ఒకటే మేఘమమ్మా, చూసిన చోటూ, చూసిన కన్నూ వేరు. 2023 జులైలో వెబ్ మొదటి వార్షికోత్సవానికి విడుదల చేసిన ఫొటో అది. మనం తీసే పొగల మధ్య నల్లగా కనిపించే భాగం ఉంది చూడు, దాని లోపల చిన్న ముక్క. మన కంటికి నలుపే, వెబ్ చూసేది ఇన్‌ఫ్రారెడ్‌లో, ధూళి గుండా లోపలికి పోతుంది. ఆ ఒక్క ఫ్రేములో ఓ 50 దాకా పసి నక్షత్రాలున్నాయి, దాదాపు అన్నీ సూర్యుడంతవో అంతకంటే చిన్నవో. ఎర్రగా చిమ్మేవి పుడుతున్న నక్షత్రాల నుంచి వచ్చే జెట్లు, చుట్టూ ఉన్న హైడ్రోజన్ అణువులను గుద్దుకుంటున్నాయి. భూమికి అతి దగ్గరి నక్షత్రాల పురుడుగది ఇదే, సుమారు 390 కాంతి సంవత్సరాలు.

ఎస్50 ఫ్రేము 1.3 డిగ్రీలకు 0.7 డిగ్రీ. మొత్తం మేఘం నాలుగైదు డిగ్రీలు. అంతా పట్టదు. రో నక్షత్రాన్ని మధ్యలో పెట్టుకుని ఐసీ 4604 ఒక్కటీ తియ్యి. అందులోని ఎల్పీ ఫిల్టర్ కూడా డ్యుయల్ బ్యాండే, యాప్‌లో ఆపెయ్యి, లేకపోతే నీలం రాదు. సిటీ నుంచి అయితే ఆ పక్కనే ఉన్న ఎం4 గోళాకార గుచ్ఛం తియ్యి, నక్షత్రాలు కదా, వెలుగున్నా వస్తాయి.

#10 · బేగంపేట_డాబా · మార్చి 3, రాత్రి 10:40

ఒప్పుకున్నాను, డాబా వద్దు. ఎక్కడికి వెళ్ళాలి? శ్రీశైలం రోడ్డు అనుకున్నాను.

#11 · కొండి_చుక్క · మార్చి 4, ఉదయం 7:10

శ్రీశైలం రోడ్డు వద్దు. అమ్రాబాద్ పులుల అడవి, మన్ననూరు దగ్గర రాత్రి 9కి గేటు వేస్తారు, పొద్దున 6 దాకా తియ్యరు. దారిలో ఆగి ట్రైపాడ్ వేసే చోటు కాదు.

మా కదిరి వైపు వచ్చెయ్. మామ పొలముంది, దక్షిణం తెరిపి. కొత్త అమావాస్య రాత్రి వస్తే చంద్రుడి బెడద లేదు. పదకొండున్నరకు జ్యేష్ఠ లేస్తుంది, ఒంటిగంటకు 20 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అయిదింటికి తూరుపు తెల్లబారేసరికి సరిగ్గా దక్షిణాన, తనకున్న ఎత్తంతా ఎక్కి నిలబడి ఉంటుంది. మూడు గంటల పైన దొరుకుతుంది. ఉగాదికి ఇంట్లో ఉండాలంటే మాత్రం మధ్యాహ్నం దాకా పచ్చడి ఆపమను 🙂

ఇంకో మాట. ధ్రువ నక్షత్రం మా దగ్గర 14 డిగ్రీల ఎత్తే. చెట్టో గట్టో అడ్డొస్తే పోలార్ అలైన్‌మెంట్ (ట్రాకర్ ఇరుసును ధ్రువం వైపు గురిపెట్టడం) అయ్యే పని కాదు. అందుకే ముందు ఉత్తరం చూసుకో, తరవాత దక్షిణం. ట్రాకర్ అంత కిందికి వంగితే కౌంటర్‌వెయిట్ రాడ్ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఒక కాలు దక్షిణానికి పెట్టి, ఉత్తరం వైపు రెండు కాళ్ళ మధ్య ఖాళీ వచ్చేలా నిలబెట్టు. మధ్యలో ఓ బరువు సంచి వేలాడదియ్యి.

#12 · స్టాకింగ్_పిచ్చి · మార్చి 4, ఉదయం 10:25

ఎక్స్‌పోజర్ గురించి నా మాట కూడా వేసుకోండి. శామ్యాంగ్‌ను ఎఫ్/2లో వాడకండి, 200డీ లాంటి చిన్న పిక్సెల్ కెమెరాలో మూలల నక్షత్రాలు పిట్టల్లా రెక్కలు చాస్తాయి. ఎఫ్/2.8 చాలు. ఐఎస్ఓ 800, ఒక్కో ఫ్రేము 90 సెకన్లు. హిస్టోగ్రామ్ ముద్ద ఎడమ గోడకు అంటకుండా కొంచెం లోపలికి వస్తే సరి.

మోడిఫై చెయ్యని కెమెరా అని దిగులు అక్కర్లేదు. హైడ్రోజన్ ఆల్ఫాలో పావు వంతు దాకానే లోపలికి వస్తుంది, నిజమే. కానీ ఈ టార్గెట్‌లో ముప్పాతిక భాగం ప్రతిబింబమే, దానికి మామూలు కెమెరా చాలు.

మార్చి రాత్రి కూడా సీమలో వేడే. కూలింగ్ లేని సెన్సర్ మరిగిపోతుంది. పది ఫ్రేములకోసారి ఫ్రేమును చిటికెడు పక్కకు జరపండి, వేడి పిక్సెళ్ళు ఒకే చోట పేరుకోకుండా ఉంటాయి. డార్కులు (లెన్సు మూసి తీసే ఫ్రేములు) ఇంటికొచ్చి ఏసీలో తీయకండి, అక్కడే, అదే వేడిలో.

ఫ్లాట్లకు (మూలల నీడలు సరిచేసే సమానపు తెలుపు ఫ్రేములు) లెన్సు మీద తెల్ల పంచె నాలుగు మడతలు వేసి, పైన ట్యాబ్ తెల్ల తెర. ఫోకస్ రింగుకు టేపు వెయ్యడం మరవొద్దు.

#13 · బేగంపేట_డాబా · మార్చి 20, రాత్రి 9:48

వెళ్ళి వచ్చాను. ముందుగా కొండి అన్నకు, వాళ్ళ మామగారికి దండాలు. రాత్రి రెండింటికి జొన్నరొట్టె, వేరుశెనక్కాయ చట్నీ తెచ్చి పెట్టారాయన. ఈ పొట్టి లెన్సుతో ఏం కనబడుతుందని అడిగి, కెమెరా వెనక తెర మీద ఒక్క ఫ్రేము చూసి, ఇంక మంచం మీదికి పోలేదు.

ఒంటిగంట దాకా దక్షిణాన దుమ్ము తెర. అది తగ్గాక మొదలుపెట్టాను. పక్క పొలం మోటార్ షెడ్డు మీద ఎల్ఈడీ ఒకటి సూటిగా కంట్లో కొడుతుంటే మామగారు వెళ్ళి గోనెసంచి కప్పి వచ్చారు. కెమెరా ఫైళ్ళలో సెన్సర్ ఉష్ణోగ్రత 31 చూపించింది. నక్షత్రాలు లాగిన ఫ్రేములు తీసేస్తే మిగిలింది రెండున్నర గంటలు.

మొదటి 90 సెకన్ల ఫ్రేములోనే, ఏ ప్రాసెసింగూ లేకుండా, జ్యేష్ఠ చుట్టూ పసుపు మసక కనబడింది. ఓరియన్ తప్ప ఇంకేదీ ఒక్క ఫ్రేములో ఇలా కనబడటం నేను చూడలేదు. తూర్పుకు పాకే నల్లటి పాయలు కూడా తెలుస్తున్నాయి.

ఇప్పుడు అసలు తలనొప్పి. స్టాక్ చేశాక బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ నడిపితే ఫ్రేము శుభ్రంగా నల్లబడింది, దాంతో పాటే సగం ధూళీ మాయమైంది. నడపకపోతే కింది అంచంతా గోధుమరంగు. పైగా పసుపు నీహారికేదో, జ్యేష్ఠ వెలుగు లెన్సులో చిమ్మిన వలయమేదో అర్థం కావట్లేదు.

#14 · స్టాకింగ్_పిచ్చి · మార్చి 20, రాత్రి 11:30

ఇది ప్రతి ఒక్కరూ పడే చోటే. ఆటోమేటిక్‌గా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఫ్రేమంతా నమూనా చుక్కలు చల్లుతుంది, ఆ చుక్క పడ్డ చోటు ఖాళీ ఆకాశమని నమ్ముతుంది. మీ ఫ్రేములో ఖాళీ ఆకాశం అనేదే దాదాపు లేదు. ధూళి మీద చుక్క పెట్టి ఇది తీసెయ్యమంటే తీసేస్తుంది, దాని తప్పేముంది.

సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా చెయ్యండి. ఆటో చుక్కలన్నీ చెరిపెయ్యండి. పాలినామియల్ డిగ్రీ 1 పెట్టండి, అంటే వంపులేని ఒక ఏటవాలు పలక, అంతకు మించి వద్దు. చేత్తో ఓ అరడజను చుక్కలు పెట్టండి: ఫ్రేము పడమటి అంచున ధూళి పలచగా ఉంటుంది, అక్కడ రెండు మూడు. నల్లటి పాయల మీద పొరపాటున కూడా పెట్టకండి, అవి చీకటి ఆకాశం కాదు, వెనక వెలుగుకు అడ్డంగా మన వైపున్న ధూళి. తీసేసిన పలకను విడిగా చూడండి. అందులో నీహారిక ఆకారం లీలగా కనబడితే చుక్కలు తప్పు చోట ఉన్నట్టు.

గ్రేడియెంట్ పోయాకే ఫొటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్. నక్షత్రాల అసలు రంగులతో సరిచూస్తుంది కాబట్టి మీ కన్ను ఏమనుకున్నా పట్టించుకోదు. చాలామంది ఇక్కడ తొందరపడి ఆకుపచ్చ తగ్గించే బటన్‌ను నిండా తిప్పుతారు, పసుపు కాస్తా నారింజ అయి, ఆపై గులాబీ అవుతుంది. నిజం పసుపులో ఆకుపచ్చ ఉండాలి.

వలయమా నీహారికా అన్నదానికి: లెన్సు వలయం జ్యేష్ఠ చుట్టూ గుండ్రంగా, అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. అసలు నీహారిక ఒక పక్కకు సాగి, అంచులు చిరిగి, నల్ల పాయ దగ్గర టక్కున ఆగుతుంది. ఎం4 వైపు ఒకసారి పోల్చి చూడండి. ఎం4 మాత్రం ఈ గుంపులోది కాదు, చాలా వెనక, మనకు సుమారు 6,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

#15 · బేగంపేట_డాబా · మార్చి 22, సాయంత్రం 6:05

[ఫొటో జతచేశాను]

డిగ్రీ 1తో ధూళి మొత్తం తిరిగొచ్చింది. పసుపు ఒక పక్కకే సాగింది, కాబట్టి నీహారికే. నీలం నేను అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చింది.

#16 · డల్లాస్_నుంచి · మార్చి 22, రాత్రి 8:40

ఆ నీలం చూడండి! ఇక్కడ నాలుగు సీజన్లు తీసినా నాకు ఆ శుభ్రత రాలేదు. ఎత్తు అంటే ఏమిటో ఇదే.

నలుపు కొంచెం ఎక్కువ తొక్కారు అనిపిస్తోంది. పాయల లోపల కూడా గోధుమరంగు ఛాయ ఉంటుంది, బ్లాక్ పాయింట్ (నలుపు మొదలయ్యే హద్దు) రవ్వంత వెనక్కి లాగి చూడండి.

#17 · లెక్కల_మాస్టారు · మార్చి 22, రాత్రి 9:15

సిగ్మా స్కార్పియై దగ్గర ఎరుపు బాగా తక్కువ. మోడిఫై చెయ్యని కెమెరా కదా, ఊహించిందే.

#18 · ఫోటాన్_వేట · మార్చి 22, రాత్రి 9:33

ఆగుండ్రి, ఆగుండ్రి. ఎరుపు తక్కువ అన్నరు కదా? అది హైడ్రోజన్ ఆల్ఫా. డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ తోని సిటీ నుంచే వస్తది. మొదటి రోజు కొండి అన్న కూడా ఒప్పుకున్నడు, పైకి పోయి చదువుండ్రి.

నా దగ్గర మోడిఫై చేసిన 600డీ ఉంది, లెన్సు కూడా గదే 135. బ్రో, నీ ఫిల్టర్ ఇయ్యి. కూకట్‌పల్లి డాబా మీద నుంచి సిగ్మా మీద ఆరేడు గంటలు కొడత. రెడ్ ఛానల్ ఒక్కటే తీసుకొని నీ కదిరి ఫొటో రెడ్‌ల కలిపేద్దాం.

#19 · కొండి_చుక్క · మార్చి 22, రాత్రి 10:10

ఒప్పుకున్నది నిజమే. ఈ పని డాబా మీదే చెయ్యి, నేనే అంటున్నా. నక్షత్రాలు తీసేసి కలపండి, లేకపోతే రెండు కెమెరాల నక్షత్రాల సైజు తేడా వచ్చి ఎర్ర అంచులు పడతాయి. ఆ పని చేసే స్టార్‌నెట్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఎరుపు మరీ పొయ్యొద్దు, నీలం మీదికి పారితే ఊదా అయిపోతుంది.

#20 · బేగంపేట_డాబా · మార్చి 22, రాత్రి 10:22

ఫిల్టర్ ఆదివారం ఇస్తాను. ఏప్రిల్ మొదటి వారంలో వెన్నెల ఉంటుంది కదా, పర్వాలేదా?

#21 · ఫోటాన్_వేట · మార్చి 22, రాత్రి 10:30

హైడ్రోజన్ ఆల్ఫాకి వెన్నెల అంత పట్టింపు లేదు. చంద్రుడు జ్యేష్ఠ పక్కకే వచ్చి కూసుంటే మాత్రం కష్టం.

#22 · పాత_వేధశాల · మార్చి 22, రాత్రి 10:47

దానికి యాప్ ఎందుకు, గోడ మీద క్యాలెండర్ చూడండి. పంచాంగంలో ఆ రోజు నక్షత్రం జ్యేష్ఠ అని ఉంటే చంద్రుడు అక్కడే ఉన్నట్టు. అనూరాధ, జ్యేష్ఠ, మూల, ఆ మూడు రాత్రులూ వదిలెయ్యండి.

#23 · లెక్కల_మాస్టారు · మార్చి 22, రాత్రి 10:55

పౌర్ణమి దాటిన నిండు చంద్రుడు కాబట్టి విశాఖ కూడా వదిలెయ్యండి. నాలుగు.